పది వేళ్లు ముడిచేదాకా

మాటలు నేర్పే మనిషికి తలుపు దగ్గరగా వేసుకోవలసిన పనేమిటి?

పెద్దింట్లమ్మకు అనుమానం అక్కడే మొదలైంది. రాజోలులో వరప్రసాదం మాస్టారి ఇంటి వరండాలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని, అరగంట నుంచి ఆ తలుపునే చూస్తోంది. లోపల ఆవిడ మనవరాలు, ఆరేళ్ల సత్యప్రియ ఉంది. దాంతోపాటు మాస్టారి కూతురు లిడియా ఉంది. లిడియా ఎక్కడో పెద్ద ఊళ్లో చదువుకుని వచ్చి, పలుకు తిరగని పిల్లలకు ఇంటి ముందుగదిలో పలుకు దిద్దుతోంది. దానికీ ఒక చదువుందట, ఆ చదువుకో డిగ్రీ ఉందట! పెద్దింట్లమ్మ నలుగురిని కని పెంచింది. ఒక్కొక్కరికీ ఇరవై ఒకటో రోజున వస కొమ్ము అరగదీసి నాలిక్కి రాసింది. అందరూ వీధి అదిరేలా మాట్లాడారు. ఈ పిల్లకూ రాసింది. ఇంకో ఏడాది ఆగితే అదే వస్తుందని ఆవిడ నమ్మకం. అమలాపురంలో ఉద్యోగంలో ఉన్న కోడలు ఉమాదేవి ఆగలేదు. ఫోన్లో లిడియాతో మాట్లాడి అంతా ఖాయం చేసేసింది. గురువారం, శనివారం పిల్లని బస్సెక్కించి తీసుకొచ్చే పని మాత్రం అత్తగారి నెత్తిన పడింది.

సత్యప్రియ నోటికి క, గ అందేవి కావు. కాకిని తాతి అనేది, గంపని దంప అనేది. చ, స కూడా త లోనే, డ ద లోనే కలిసిపోయేవి. ర ఎక్కడున్నా ల అయ్యేది. ఒక్కో మాట విడిగా అంటే ముద్దుగానే ఉండేది గానీ, గబగబా నాలుగు మాటలు కలిపిందంటే కన్నతల్లి కూడా తెల్లమొహం వేసేది. ఆ పిల్ల మాట పొల్లుపోకుండా అర్థమయ్యేది ఒక్క పెద్దింట్లమ్మకే. బడిలో టీచరమ్మ, పాలు పోసే మనిషి, ఆఖరికి కొడుకు సూర్యప్రకాష్ కూడా, "ఏవంటంది?" అని ఆవిడ మొహం చూసేవాళ్లు. ఆవిడ అర్థం చెబితేనే ఆ మాట మాటయ్యేది. ఆ హోదా ఎంత బాగుంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

లోపలి నుంచి చప్పుడు లేదు. పెద్దింట్లమ్మ చెప్పులు వదిలి, చప్పుడు కాకుండా కిటికీ దగ్గరకు వెళ్లి, కర్టెను సందులోంచి చూసింది. చూసి హడలిపోయింది. పిల్ల చాప మీద వెల్లకిలా పడుకుని నోరు తెరిచి ఉంది. లిడియా పక్కన కూర్చుని, చెంచా కాడతో ఆ నాలుక కొసని అదిమిపట్టి, గుసగుసగా ఏదో అంటోంది. పిల్ల గొంతులోంచి 'క్క్... క్క్...' అని, కోడికి గింజ అడ్డం పడినట్టు చప్పుడొచ్చింది. ఆ తర్వాత లేపి కూర్చోబెట్టి, నోట్లో నీళ్లు పోయించి, తల వెనక్కి వాల్చి గొంతులో గుడగుడలాడించమంది. ఏ ఊళ్లోనూ, ఏ కాలంలోనూ మాటలు ఇలా నేర్పినట్టు పెద్దింట్లమ్మ వినలేదు.

బస్సులో పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆరా తీసింది.

"నోట్లో ఏం పెట్టిందే ఆ మేడం?"

"తెంతా."

"చెంచా అని నాకూ తెలుసు. చెంచా మీద ఏం రాసింది?"

"ఏం లాయలేదు మామ్మా."

రాయలేదంటే నమ్మడమే? పక్కింటి సుందరమ్మ అసలే నమ్మలేదు. "మందు పెట్టేరేమో చూసుకోండి వదినగారూ. ఆరేళ్ల పిల్లని వెల్లకిలా పడుకోబెట్టడం ఏటండి, పసిగుడ్డుకి ఆముదం పట్టినట్టు? పైగా వాళ్లు చర్చికెళ్లేవాళ్లు. పలుకు పేరు చెప్పి ప్రార్థన నేర్పేస్తారు" అంది. అగ్నికి ఆజ్యం పోయడంలో సుందరమ్మ ఏనాడూ పిసినారితనం చూపించలేదు.

తర్వాతి గురువారం పెద్దింట్లమ్మ కుర్చీని తలుపు పక్కకి జరుపుకుని, చెవి అటు పెట్టి కూర్చుంది. ముప్పావుగంట సేపు వినపడినవి కాకి, కోడి, కుక్క, గంప, గాజు. మధ్యలో ఒకసారి దగ్గు. ఏ మతం దేవుడి పేరూ వినపడలేదు. నిజం చెప్పాలంటే ఆవిడకి కాస్త నిరాశ కూడా కలిగింది. అనుమానం ఒకసారి ఇంట్లోకి వచ్చాక ఏదో ఒకటి పెడితేగాని కదలదు.

ఉన్నట్టుండి తలుపు తెరుచుకుంది. పెద్దింట్లమ్మ చెవి ఇంకా అక్కడే ఉంది.

"లోపలికి రండి మామ్మగారూ," అంది లిడియా. పాతికేళ్లకి కాస్త అటుగా ఉంటుంది. నవ్వు మొహం. ఆ నవ్వు కూడా పెద్దింట్లమ్మకు నచ్చలేదు. "మీకు అనుమానంగా ఉన్నట్టుంది, చూపిస్తాను రండి. పాప నాలుక కొస ముందుకే పరిగెడతందండి. క అనాలంటే నాలుక వెనకాల లేవాలి. వెల్లకిలా పడుకుంటే దానంతటది వెనక్కి జారుద్ది. చెంచాతో కొసని ఆపుతానంతే. నీళ్లు గుడగుడలాడిస్తే గొంతులో ఆ చోటు ఎక్కడుందో పాపకి తెలుస్తాదండి."

"మరి తలుపెందుకు వేస్తన్నారు?"

"ఏవనుకోకండి. మీరు కనపడితే పాప నోరు విప్పదండి. నేనేదడిగినా మీ మొహం చూస్తాది. మీరు చెప్తారు కదా అని."

ఆ మాట పెద్దింట్లమ్మకు చురుక్కుమంది. అందులో అబద్ధం లేకపోవడం వల్ల ఇంకా ఎక్కువ మండింది.

"ఇంటి దగ్గర మీరొక్క పని చెయ్యాలండి. పాప మాట మొదలెడితే, పూర్తయ్యేదాకా ఆగండి. మీకు అర్థమైపోయినా సరే, అందుకోకండి. ఆగలేకపోతే పది వేళ్లూ ఒక్కొక్కటే ముడవండి. పదో వేలు అయ్యేలోపు పాపే చెప్తాది."

"ఆయ్," అంది పెద్దింట్లమ్మ. ఆ ఆయ్‌లో ఒప్పుకోలు పావు వంతు, కోపం ముప్పావు వంతు.

అయినా ముడిచింది. మొదట్లో మూడో వేలికే నోరు జారేది. తర్వాత ఐదుకి, ఆరుకి వచ్చింది. ముడుస్తూ కూర్చుంటే తమాషాగా పిల్లే తంటాలు పడి చెప్పుకునేది. గడ్డం కింద వేలు పెట్టుకుని, నాలుకని వెనక్కి లాక్కుని, గోదావరి దాటినంత కష్టపడి ఒకరోజు పెరట్లో "కా...కి" అంది. కాకి ఎగిరిపోయింది. పెద్దింట్లమ్మ పిల్లని ఎత్తుకుని ముద్దాడింది. ముద్దాడుతుంటే, తాతి అనే కాకి ఇక ఈ ఇంటి మీద వాలదు కదా అని గుండెలో ఎక్కడో కలుక్కుమంది.

మాఘమాసంలో ఒకరోజు అమలాపురం నుంచి ఉమాదేవి ఫోన్ చేసింది.

"అత్తయ్యగారూ, లిడియాగారు పాప పాత వీడియోలు అడిగేరండి. అప్పటికీ ఇప్పటికీ పలుకులో తేడా చూసుకుంటారట. నా ఫోన్లో ఉన్నవన్నీ పంపేసేను."

"అన్నీనా?"

"ఆయ్. పోయినేడు జూన్లో, నేను వెళ్లేరోజు తీసింది కూడానండి."

పెద్దింట్లమ్మ ఫోన్ పెట్టేసి, చేటలో బియ్యం ముందు పెట్టుకుని, ఒక్క రాయీ ఏరకుండా పొద్దుపోయేదాకా కూర్చుంది.

పోయినేడు జూన్లో జరిగింది ఇది. ఉమాదేవి అమలాపురంలో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. ఇల్లేమో అంతర్వేదికి రెండు మైళ్ల ఇవతల. రోజూ రెండు బస్సులు, రానూపోనూ ఐదు గంటలు. తెల్లారకుండా వెళ్లి, పిల్ల నిద్రపోయాక వచ్చేది. చేసి చేసి ఒళ్లు హూనమై, అక్కడే రెండు గదులు అద్దెకు తీసుకుని, పక్క బడిలో సత్యప్రియకు సీటు మాట్లాడింది. సూర్యప్రకాష్ కొబ్బరికాయల లోడు వెంట ఉత్తరాదికి వెళితే ఇరవై రోజులకు గాని తిరిగిరాడు, అతను ఏదైనా సరే అన్నాడు. "దాని ఇష్టమే అడుగుదాం" అంది ఉమాదేవి. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని వీడియో తీస్తూ, నవ్వుతూనే అడిగింది, నాతో వస్తావా, మామ్మ దగ్గరుంటావా అని.

పిల్ల గుక్క తిప్పుకోకుండా అంది: "నీ తూదా వత్తేత్తాను, తానీ..."

'నీ కూడా వచ్చేస్తాను, కానీ...' అంతవరకు పెద్దింట్లమ్మకు అద్దంలా అర్థమైంది. ఆ కానీ తర్వాత ఏముందో వినలేదు. వినే ఓపిక ఆ క్షణాన ఆవిడకి లేదు. "ఏవందండీ?" అని కోడలు తలతిప్పేలోపే, "రానంటంది. ఆ ఊరంటే భయవంట. నా దగ్గరే ఉంటానంటంది" అని చెప్పేసింది. పిల్ల "తాదు, తాదు" అని కాళ్లు నేలకేసి కొట్టుకుని ఏడ్చింది. "చూసేవా, అడిగితేనే ఎలా బెదిరిపోతందో" అని ఆ ఏడుపుకీ అర్థం చెప్పేసింది పెద్దింట్లమ్మ. ఉమాదేవి కళ్లు తుడుచుకుని ఒక్కతే బస్సెక్కింది.

పెద్దింట్లమ్మ దుర్మార్గురాలు కాదు. పిల్ల వెళ్లిపోతే ఆ పెంకుటింట్లో ఆవిడ మాట వినడానికి పొయ్యి, పొయ్యి పక్కన పిల్లి తప్ప ఎవరూ ఉండరు. మీరూ రండి అని కోడలు ఒక్క మాట అనలేదు. పిలవని పేరంటానికి వెళ్లే మనిషి కాదు ఆవిడ. ఐదేళ్ల పిల్ల ఇష్టానికి అంత విలువేమిటిలే అని తనకి తాను సర్దిచెప్పుకుంది. అయితే సర్దిన మాట సర్దినచోట ఉండలేదు. ప్రతి శనివారం ఉమాదేవి బిస్కెట్లు, బొమ్మల పుస్తకాలు పట్టుకుని వచ్చేది. పిల్ల తల్లితో మాట్లాడటం తగ్గించి తగ్గించి, చివరికి తలూపడంతో సరిపెట్టేది. చెప్పినా ఇంకో మాటగా మారిపోయే ఇంట్లో ఎవరు మాత్రం ఎందుకు చెబుతారు?

ఇప్పుడు ఆ వీడియో లిడియా దగ్గరుంది. తాతిలోంచి కాకిని, దంపలోంచి గంపని పట్టుకోవడమే పనిగా చదువుకున్న మనిషి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, పెద్దింట్లమ్మ తర్వాతి శనివారం లిడియా చూసే ప్రతి చూపునూ తూకం వేసింది. నవ్వు తక్కువైంది, కచ్చితంగా తక్కువైంది. వెళ్లేటప్పుడు "మీతో ఒక మాట చెప్పాలి మామ్మగారూ" అని లిడియా అనగానే, "బస్సు పోద్దండి" అని పిల్లని రెక్క పట్టుకుని పరుగులాంటి నడక నడిచింది.

ఆ తర్వాత నాలుగుసార్లు రాజోలు వెళ్లలేదు. ఒకసారి పిల్లకి జ్వరం, ఒకసారి బస్సు రాలేదు, ఒకసారి ఇంటికి చుట్టాలు, ఒకసారి ఏకాదశి. ఏకాదశికీ క గుణింతానికీ సంబంధం ఏమిటని ఎవరూ అడగలేదు. పిల్ల మాత్రం రోజూ గ్లాసు పట్టుకొచ్చి గుడగుడలాడించుకుంటూ, "మేదం దద్దలికి ఎప్పుదు మామ్మా?" అని అడిగేది. వచ్చిన క కూడా మెల్లగా పట్టు జారుతోంది. పెద్దింట్లమ్మ అది గమనించింది. గమనించి ఊరుకుంది. ఆ ఊరుకోవడమే ఆవిడని లోపల కోసేసింది.

మూడో గురువారం మధ్యాహ్నం లిడియా స్కూటీ ఇంటి ముందే ఆగింది.

పిల్ల పరిగెత్తి వెళ్లి చుట్టేసుకుంది. లిడియా దానికి బొమ్మల కార్డులు ఇచ్చి పెరట్లోకి పంపి, అరుగు మీద పెద్దింట్లమ్మకు ఎదురుగా కూర్చుంది. మజ్జిగ ఇస్తే తాగింది. గ్లాసు కింద పెట్టి, "ఆ జూన్ వీడియో చూసేనండి" అంది.

పెద్దింట్లమ్మ ఖాళీ గ్లాసు తన వైపు లాక్కుంది. "అయితే ఏటంట? మా కోడలికి చెప్పేసేరా?"

"లేదండి. నేను చెప్పాల్సింది కాదది. నేనొక్కటి అడగడానికొచ్చేను. పాప మాట సగంలో ఉండగా మీరు అందుకున్నారు. 'కానీ' అన్నదాకే వినపడతంది. ఆ తర్వాతది మీ గొంతు కింద పడిపోయింది. పదిసార్లు వెనక్కి తిప్పి విన్నాను, దొరకలేదు. పాప ఏవందండి?"

అబద్ధం చెప్పడానికి పెద్దింట్లమ్మ నోరు తెరిచింది. చెప్పడానికి ఏ అబద్ధమూ లేదు. జూన్ నుంచి ఆ రోజుని వెయ్యిసార్లు తలచుకుంది, ఆ 'కానీ' దగ్గరే ఆగిపోయింది ప్రతిసారీ. పిల్ల మాట పొల్లుపోకుండా తెలిసేది నాకొక్కదానికే అని విర్రవీగిన మనిషికి, అన్నిటికన్నా పెద్ద మాట తెలియదు.

"నాకు తెలీదమ్మా," అంది. ఆ ఇంట్లో ఆ పిల్ల గురించి ఆవిడ ఆ మాట అనడం అదే మొదటిసారి.

లిడియా లేచింది. "శనివారం తీసుకురండి మామ్మగారూ. ఇలా వరసగా మానేస్తే మళ్లీ మొదటికొస్తాదండి."

తీసుకెళ్లింది. ఆ తర్వాత ఒక్కటీ మానలేదు. అలాగని అనుమానం తీరిందా అంటే తీరలేదు, చోటు మార్చుకుంది. శనివారం రాత్రి ఉమాదేవి గడప దాటగానే ఆ మొహంలోకి తొంగిచూసేది. లిడియా చెప్పనన్నది గాని, మాట మీద నిలబడే మనిషో కాదో ఎవరికి తెలుసు? కోడలు కాస్త గట్టిగా గిన్నె కింద పెడితే, తెలిసిపోయిందేమో అనుకునేది. తలనొప్పని తొందరగా పడుకుంటే, తెలిసే పడుకుందేమో అనుకునేది. ఒక అబద్ధాన్ని పెంచడం నలుగురు పిల్లల్ని పెంచినదానికన్నా కష్టమైపోయింది ఆవిడకి.

మామిడిపళ్లు వచ్చాయి, వెళ్లిపోవస్తున్నాయి. క, గ పిల్ల నోట్లో స్థిరపడ్డాయి. చ, స, డ కూడా దారిలో పడ్డాయి. ర మాత్రం ఇంకా ల దగ్గరే ఉంది. అది వానాకాలం పని అంది లిడియా.

జూన్ మొదటి శనివారం సాయంత్రం, ఉమాదేవి చేతిసంచీ పక్కన పెట్టి అరుగు మీద కూర్చుంది. పిల్లని ముందు నిలబెట్టుకుంది.

"ఈ ఏడు నీకు ఒకటో తరగతి. ఇంకొక్కసారి అడుగుతానమ్మా. వద్దంటే మళ్లీ అడగను. నాతో వస్తావా, మామ్మ దగ్గరుంటావా?"

లోపలి నుంచి వస్తున్న పెద్దింట్లమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. అదే ప్రశ్న, అదే చోటు. చెప్పేసింది! ఆ లిడియా చెప్పే ఉంటుంది, ఇదంతా నన్ను పట్టుకోవడానికి వేసిన వల. కోడలి మొహం వెతికింది. ఆ మొహంలో వల లేదు. వద్దంటుందేమోనన్న భయం ఒక్కటే ఉంది.

పిల్ల మొహం ఎర్రబడింది. ఆదుర్దాలో నేర్చుకున్నదంతా మరిచి, పాత పలుకే తన్నుకొచ్చింది. "నీ తూదా వత్తేత్తాను, తానీ..."

అక్కడ ఆగింది. ఉమాదేవి పాత అలవాటు కొద్దీ తల తిప్పింది. "ఏవంటందండీ అత్తయ్యగారూ?"

ఇద్దరూ ఆవిడనే చూస్తున్నారు. పోయినేటి మాట నాలుక కొసన సిద్ధంగా ఉంది. రానంటంది. అంతే, ఇంకో ఏడాది పిల్ల తనది. పెద్దింట్లమ్మ బొటనవేలు ముడిచింది. చూపుడు వేలు ముడిచింది. ఆ కానీ వెనకాల తన మీద ఏ ఫిర్యాదు ఉందో అని భయపడుతూనే మధ్యవేలూ ముడిచింది. మామ్మ కొడుతుందని అంటుందా? మామ్మ అబద్ధాలాడుతుందని అంటుందా? అననీ. ఒక చెయ్యి అయిపోయింది. రెండో చేతికి వచ్చింది. నోరు మాత్రం తెరవలేదు.

ఎనిమిదో వేలు దగ్గర పిల్ల గడ్డం కింద వేలు పెట్టుకుంది. నాలుకని వెనక్కి లాక్కుంది.

"కానీ," అంది. "మామ్మ కూడా లావాలి. నేను పక్కన లేకపోతే మామ్మకి నిద్ల పట్టదు. పోయినసాలి కూడా అదే చెప్పాను. మీలు వినలేదు."

పెద్దింట్లమ్మ ముడిచిన వేళ్లు అలాగే ఉండిపోయాయి. పిలుపు వచ్చింది. ఏడాది కిందటే వచ్చింది. పిలవని పేరంటం అనుకుని, పిలిచే నోటినే మూసేసింది తను.

"పోయినసారి..." ఉమాదేవి మెల్లగా లేచింది. "పోయినసారి వస్తానందా అండీ?"

పెద్దింట్లమ్మ పెదవులు కదిలాయి. "అదీ..." అని మొదలెట్టింది.

"ఏడాదండీ అత్తయ్యగారూ! శనివారం శనివారం వచ్చి దాని మొహం వంక చూసేదాన్ని. నాతో మాట్లాడకపోతే, నేనంటే ఇష్టం లేదనుకున్నాను. రెండు గదుల్లో ఒక్కదాన్నే పడుకుని ఎన్నిసార్లు ఏడ్చేనో మీకు..." ఉమాదేవి ఒక అడుగు ముందుకు వేసింది. మళ్లీ గట్టిగా ఏదో అనబోయింది.

సత్యప్రియ తల్లి చెయ్యి పట్టుకుని లాగింది.

"ఆగమ్మా. మామ్మ మాట ఇంకా అవలేదు."

తల్లిని అరుగు మీద కూర్చోబెట్టి, తను పక్కన చేరి, రెండు చేతులూ ముందు పెట్టుకుని, మామ్మ మొహం చూస్తూ ఒక్కొక్క వేలే ముడవడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు. తొందర లేదు దానికి. నాలుగో వేలు ముడిచేసరికి పెద్దింట్లమ్మ గుమ్మం పట్టుకుని కిందికి జారి కూర్చుంది.

"వస్తాననే అందమ్మా," అంది, కోడలి మొహంలోకి చూసి. "రానందని చెప్పింది నేను..."

సత్యప్రియ మిగిలిన ఆరు వేళ్లూ అలాగే తెరిచి పట్టుకుని, మామ్మ మాట పూర్తయ్యేదాకా కూర్చుంది.